మసేనుకి రెండు చోట్ల లీకు

గవ్వలపాలెంలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే కాసులమ్మ తన గుమ్మం చూపించేది. ఆ గుమ్మానికి ఎప్పుడూ తాళం వేసే ఉండేది. తాళంచెవి ఎక్కడా పారేసుకోకూడదని దాన్ని ఇంట్లోనే పెట్టి బయట తాళం నొక్కేశారు మరి! అప్పట్నుంచి ఇంటిల్లిపాదీ కిటికీలోంచే దూరి వెళ్తారు, దూరి వస్తారు. తాళంచెవులు పోగొట్టుకుని ఏడ్చే జనాన్ని చూసి కాసులమ్మ ముసిముసిగా నవ్వుకుంటుంది.

ఆమెకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మసేను, నడిమివాడు ఎల్లాజీ, చిన్నవాడు కొర్లయ్య. ముగ్గుర్లో ఈత వచ్చింది మసేనుకొక్కడికే. తండ్రి వదిలిపోయిన డైవింగ్ సామాను తగిలించుకుని సముద్రంలో దిగేవాడు. కళ్ళకి అద్దం, వీపున గాలి సిలిండరు, నోట్లో గొట్టం, నడుముకి సీసం బెల్టు, కాళ్ళకి రబ్బరు రెక్కలు. బోట్ల అడుగున చిక్కుకున్న వలలు కోసి పైకొచ్చేవాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పనితోనే.

సముద్రంలో చేపల వేట నిషేధం ముగియడానికి ఇంక ఒక్క రోజే ఉందనగా సింహాద్రయ్య వచ్చాడు. ఆయన బోటు అడుగున తిరిగే పంకాకి పాత వల చుట్టుకుపోయింది.

"ఒరే మసేనా, రేపు తెల్లారీసరికి పంకా ఇడిపించీ. ఈ ఏడాదంతా మీ ముగ్గుర్నీ నా బోట్లోనే ఏటకి ఎట్టుకుంతాను. కానీ ముందు ఆ సామాను ఎవులికైనా సూపించు. మీ అయ్య నాటిది. బాగు సేయించుకుంతావో, మార్సుకుంతావో నీ ఇష్టం. దాంతో దిగి సస్తే ఆ పాపం నాకొద్దు" అన్నాడు.

ముగ్గురికీ ఏడాది పొడుగునా వేట! ఇంకేముంది, అన్నదమ్ములు సామాను నెత్తిన పెట్టుకుని పట్నం పరిగెత్తారు. అక్కడి షాపతను చెవికి ఫోను ఆనించుకుని, సామాను వైపు కన్నెత్తి కూడా చూడకుండా పాఠం అప్పజెప్పాడు.

"రబ్బరు సాగదీసి చూడండి, పగుళ్ళు కనిపిస్తే మార్చేయండి. నీళ్ళలో ముంచి చూడండి, బుడగలు ఎక్కడ్నుంచి వస్తే అక్కడ లీకు. ఒకచోట లీకైతే అతుకు వేయండి. రెండు చోట్లయితే దండగ, మార్చేయండి. పక్కన పెట్టేస్తే ఎండ తగలని చోట దాచండి."

దారిపొడుగునా ముగ్గురూ ఆ మాటలు వల్లించుకుంటూ వచ్చి తల్లికి అప్పజెప్పారు.

"ఒక్క మాట కూడా పోగొట్టకుండా అట్టుకొచ్చినారు. నా కడుపున పుట్టినోళ్ళు గదా!" అని మెటికలు విరిచింది కాసులమ్మ.

ముందు రబ్బరు పరీక్ష. కాలి రెక్క పట్టీని అటు ఎల్లాజీ, ఇటు కొర్లయ్య పట్టుకుని లాగారు. పగుళ్ళు కనిపించలేదు. "కనిపించీదాకా లాగండ్రా!" అంది కాసులమ్మ. లాగారు. అంతే, పట్టీ ఫట్టుమని తెగి ఇద్దరూ చెరోవైపు వెల్లకిలా పడ్డారు. "అమ్మా, కనిపించింది!" అని కొర్లయ్య గంతేశాడు. రెండో రెక్కకీ అదే మర్యాద జరిగింది. కాళ్ళకి తెడ్డు చెక్కలు కట్టుకుంటే సరిపోతుందని తేల్చారు.

తర్వాత నీటి పరీక్ష. మసేనుకి సామానంతా తొడిగి చుట్టూ ఎత్తు గోడలున్న పెరట్లో సిమెంటు తొట్టిలో కూర్చోబెట్టారు. అంతే, బుడబుడమని బుడగలు!

"ఎక్కడ్నించి?" అంది తల్లి.

"అన్న నోటికాడ్నించమ్మా!"

తెలివైన ఇల్లు కాబట్టి తొందరపడలేదు. సిలిండరు బిగించి, సామానొక్కదాన్నే ముంచారు. ఒక్క బుడగ రాలేదు. మసేనునొక్కడినే ముంచారు. బోలెడు బుడగలు. ఇంకేముంది, తేలిపోయింది. సామాను బంగారం, లోపం మసేనులో ఉంది.

"మీ అయ్య సామానే పాడైపోనాదని ఎంత ఆడిపోసుకున్నాంరా!" అని కాసులమ్మ బుగ్గలు నొక్కుకుంది.

అందరికన్నా ముందు ఒప్పుకున్నది మసేనే. "నిజివేనే అమ్మా! నాకూ ఎప్పుట్నించో అనుమానం. పడుకుంటే ముక్కులోంచి బుస్సుమని పోతానే ఉంతాది."

ఒకచోట లీకైతే అతుకు వేయమన్నాడుగా షాపతను. కొర్లయ్య సైకిలు ట్యూబుకి వేసే అతుకు తెచ్చి, జిగురు రాసి, అన్న నోటికి అడ్డంగా అంటించాడు. మళ్ళీ ముంచారు. ఈసారి బుడగలు ముక్కులోంచి వచ్చాయి.

"రెండు సోట్లు!" అని ఎల్లాజీ నెత్తి బాదుకున్నాడు.

అతుకు పీకితే సగం మీసం దాంతోపాటే వచ్చింది. తల్లికి ఇంకా మనసొప్పలేదు. "రబ్బరుకి సేసిన పరీచ్చ ఈడికీ సేయండి" అంది. తమ్ముళ్ళు చేతులొకరు, కాళ్ళొకరు పట్టుకుని సాగదీశారు. కాళ్ళు పట్టుకున్న కొర్లయ్య కెవ్వుమన్నాడు.

"అమ్మా! మడాల నిండా పగుళ్ళే!"

అంతే. మార్చేయడానికే నిశ్చయమైపోయింది.

మసేను మాత్రం తొట్టి పక్కన కూలబడి ఏడ్చాడు. "నన్ను పారీకండమ్మా, ఇన్నాళ్ళు పన్జేసినాను" అన్నాడు. నిజంగా ఏడ్చాడు పాపం. అంతకాలం ఇంటిల్లిపాదినీ పోషించినవాడు, సగం మీసంతో.

"పారీడమేటిరా, పిచ్చోడా! దాసుకుంతాం" అని తల్లి కొంగుతో కళ్ళు తుడిచింది. తుడిచి, ఎండ తగలని చోట దాచాలి కాబట్టి అటకెక్కించింది. పురుగు పట్టకుండా చుట్టూ నాలుగు కలరా ఉండలు కూడా వేసింది.

ఇప్పుడు మసేను స్థానంలోకి ఎవరు? ఎల్లాజీ తొట్టిలో తల పెట్టి ఊపిరి బిగబట్టాడు. బుడగ లేదు! చప్పట్లు కొట్టారు. కొట్టగా కొట్టగా అతని చెవులు వంకాయ రంగుకి తిరిగి, ఒక్కసారిగా తొట్టంతా మరిగినట్టు బుడగలొచ్చాయి. కొర్లయ్య ముంచీ ముంచగానే లీకు. ఆఖరికి కాసులమ్మే దిగింది. నీళ్ళలో కూడా కొడుకుల్ని తిట్టడం మానలేదు కాబట్టి ఆమె లీకు అందర్నీ మించిపోయింది.

"ఇల్లంతా ఓటిదే" అని ముగ్గురూ దిగులుగా కూర్చున్నారు. పొద్దు వాలుతోంది. ఈ పని చేయకపోతే ఏడాది వేట పోతుంది.

అప్పుడు కొర్లయ్య కళ్ళు రుబ్బురోలు మీద పడ్డాయి. రోట్లో పొత్రం ఉంది. పైన తలకాయలాంటి గుబ్బ, కింద బొజ్జలాంటి ఒళ్ళు. తీసుకెళ్ళి తొట్టిలో వేశాడు. బుడుంగున మునిగింది. తర్వాత ఎంతసేపు చూసినా ఒక్క బుడగ లేదు.

"సూడండ్రా ఓపిక!" అంది కాసులమ్మ.

ఇంకేముంది, పొత్రాన్ని కిటికీలోంచి దాటించి ఒడ్డుకి మోసుకెళ్ళారు. గుబ్బకి అద్దం కట్టారు. వీపున సిలిండరు కట్టి, లీకు భయానికి గట్టిగా బిగించారు. వల కోయడానికి పక్కన కత్తి కట్టారు. అంతా అయ్యాక ఎల్లాజీకి అనుమానం వచ్చింది, ఇది తేలిపోతే ఎలాగని. అందుకని సీసం బెల్టు కూడా చుట్టారు. తెప్ప మీద బోటు దాకా తీసుకెళ్ళి, కాసులమ్మ దాని గుబ్బ నిమిరి "జాగర్త నాయినా" అంటుండగా నీళ్ళలోకి తోశారు. తోసి, ఒడ్డుకొచ్చి కూర్చున్నారు.

తెల్లారింది. మిగతా బోట్లన్నీ ఇంజన్లు వేసుకుంటున్నాయి. సింహాద్రయ్య వచ్చి "పనైందా?" అన్నాడు.

"లోపలే ఉన్నాడు బాబూ. దిగినోడు దిగినట్టే ఉన్నాడు. మసేనైతే పదిసార్లు పైకొచ్చీవోడు" అంది కాసులమ్మ.

"మసేను కాకపోతే ఇంకెవుడు?"

చెప్పారు. సింహాద్రయ్య "మీకన్నా ఆ పొత్రవే నయం, నోరైనా మెదపదు" అని, పక్క పాలెం నుంచి ఇంకో డైవర్‌ని పిలిపించాడు. అతను దిగాడు, వల కోశాడు, పైకొచ్చాడు. అతనూ, వెంట వచ్చిన అతని తమ్ముళ్ళూ ఆ బోటెక్కి ఏడాది వేటకి బయల్దేరారు.

బోటు కదులుతుండగా కాసులమ్మ ఒడ్డునుంచి ఆ డైవర్‌ని కేకేసి అడిగింది. "నాయినా! కింద మావోడు కనిపించినాడా?"

"ఓ రాయి కనిపించిందే అమ్మా!"

"పన్జేస్తన్నాడా?"

"కదలకుండా కూకుంది!"

కాసులమ్మ కొడుకులవైపు తిరిగింది. "ఇన్నారా? ఒక్కడూ ఎంతని సేస్తాడు! అలిసిపోయి కూకున్నాడు. సాయం పంపాల."

అంతే, ఇంటికి పరిగెత్తారు. రోలు కిటికీలో పట్టలేదు. వాకిలికి తాళం, తాళంచెవి ఎదురుగా మేకుకి వేలాడుతోంది. గోడ పగలగొట్టారు. దుమ్ములో మసేను అటక మీద్నుంచి తుమ్మి, "నన్ను పంపండమ్మా, నాకు ఈతొచ్చు!" అని అరిచాడు.

"నోరు మూసుకోరా, గాలి పోతాది!" అని కసిరింది తల్లి.

రోలుని దొర్లించుకెళ్ళి, తెప్ప మీదెక్కించి, పొత్రం దిగిన చోటే దింపారు. మునిగింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి నీళ్ళకేసి చూశారు. బుడగ లేదు, చప్పుడు లేదు.

కాసులమ్మ కళ్ళు చెమర్చాయి. ఎల్లాజీ, కొర్లయ్యల నెత్తిన చెరొక మొట్టికాయ వేసి అంది.

"సూసి నేర్సుకోండ్రా! అన్నదమ్ములంటే ఆళ్ళలాగుండాల."