ఈరమ్మకు పిలుపు

ఆ ఉదయం జూనియర్ వకీలు లింగమూర్తి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఈరమ్మ అర్జీలో పాత మాటలన్నీ ఏరి పారేశాడు మరి! హాస్టల్లో వంటమనిషి ఉద్యోగానికి ఎంపికయ్యాక, చెవులు వినపడవని ఆమెను వెనక్కి పంపేశారు. అదీ కేసు. ‘చెవిటి’ తీసేశాడు, ‘వికలాంగురాలు’ కొట్టేశాడు, కొత్త చట్టం చెప్పినట్టు ‘వినికిడి వైకల్యం గల వ్యక్తి’ అని రాశాడు. అయినా తృప్తి లేదు.

“ ‘దివ్యాంగురాలు’ అందామా సార్, ‘విభిన్న ప్రతిభావంతురాలు’ అందామా? ఏది సరైన మాట?” అని గురువు ఖాదర్ వలీ సాహెబును అడిగాడు.

సాహెబు కళ్ళజోడు తుడుచుకున్నాడు. “ముందు ఆమె సాక్ష్యం కానీ, నాయనా.”

ఈరమ్మ తన సాక్ష్యం కాగితం మీద రాసి ఇవ్వాలి. ఇవాళ తప్పితే మళ్ళీ వాయిదా లేదని జడ్జిగారు ముందే చెప్పేశారు.

కేసు వంతు వచ్చింది. బంట్రోతు గుమ్మంలో నిలబడి అలవాటు ప్రకారం గొంతు చించుకున్నాడు.

“ఈరమ్మా! ఈరమ్మా! ఈరమ్మా!”

లోపల లింగమూర్తి కాగితాలు సర్దుకుంటూ, వచ్చేస్తుందిలే అని గుమ్మం వైపు చూస్తున్నాడు. ఎవరూ రాలేదు.

“సాక్షి లేదన్నమాట” అంటూ జడ్జిగారు పెన్ను తీశారు.

లింగమూర్తికి అప్పుడు వెలిగింది. ఓరి నాయనో, వినపడని మనిషిని కేకేసి పిలిపిస్తున్నాం!

“ఇక్కడే ఉన్నారండీ, ఒక్క నిమిషం” అని సాహెబు వరండాలోకి వెళ్ళాడు. బల్ల మీద కూర్చున్న ఈరమ్మ ఎదుట నిలబడి, చూపుడువేలితో తన గడ్డం మీద రెండుసార్లు తట్టాడు. ఆమె గడ్డం మీద పచ్చబొట్టు ఉంది. ఇంట్లోవాళ్ళకు ఆమె పేరు ఆ సైగే.

ఈరమ్మ చివ్వున లేచింది. కొంగు సర్దుకుని, తల పైకెత్తి, తిన్నగా వచ్చి బోనెక్కింది. కాగితం మీద రాసిచ్చిన మొదటి ప్రశ్నకే ఇంతింత అక్షరాలతో జవాబు రాసింది. జడ్జిగారు దాన్ని పైకి చదివారు.

“నేను ఈరమ్మను. మూడొందల మందికి వండగలను. తిని చూసి మాట్లాడండి.”

కోర్టంతా గొల్లుమంది. ఈరమ్మ మాత్రం నవ్వలేదు. మహారాణిలా నిలబడి రెండో ప్రశ్న కోసం చెయ్యి చాచింది. ఆమెను చూస్తే లింగమూర్తికి ఛాతీ ఉప్పొంగింది, తనను తలచుకుంటే సిగ్గేసింది.

బయటికొచ్చాక మెల్లగా అడిగాడు. “ఆ సైగ మీకెప్పుడు తెలిసింది, సార్?”

“మొదటిరోజే” అన్నాడు సాహెబు. “ఇంట్లో నిన్నెలా పిలుస్తారమ్మా అని రాసి అడిగాను.”