పదకొండేళ్ల దగ్గు

జమాల్ బాబా ఉండే దర్గాలో ఓదెలు పదకొండేళ్లుగా వంట చేస్తున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం ఎవరో యాత్రికురాలు, "అన్నా, కొన్ని నీళ్లు" అంటూ వెనక నుంచి అతని భుజం మీద చెయ్యి వేసింది.

అంతే. గంజి వారుస్తున్న గుండిగ కిందపడింది. ఓదెలు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని గోడ మూలకు ముడుచుకుపోయాడు. తేరుకునేసరికి అన్నమంతా నేలపాలు. ఆ అమ్మ తనేదో పాపం చేసినట్టు ఏడుస్తోంది. ఆ పూట నలభై మందికి పస్తు.

వెనకటికి ఓదెలు బొగ్గుగనిలో పనిచేసేవాడు. తాను ముందు, తమ్ముడు రాజలింగు వెనక. ఒకరోజు పైకప్పు కూలింది. తిరిగి చూస్తే తమ్ముడు ఉండాల్సిన చోట బొగ్గు ఉంది. అప్పటి నుంచి వెనక నుంచి ఎవరొచ్చినా ఓదెలుకు ఆ పైకప్పే కూలినట్టుండేది.

జపాలు చేశాడు. ఉపవాసాలున్నాడు. ఏం లాభం లేదు. ఇంకా ఇక్కడ తిండి దండగెందుకని బట్టలు మూటగట్టాడు.

పోయేముందు చివరిసారి బాబాకు కషాయం కాచాడు. బాబాది మొండి దగ్గు. వంటింట్లోకైనా, బావి దగ్గరికైనా ముందు దగ్గు వచ్చేది, ఆ తరవాతే బాబా వచ్చేవాడు. ఓదెలు చేరిన వారం నుంచే మిరియాలూ శొంఠీ దంచి పోస్తున్నాడు. రవ్వంత తగ్గితే ఒట్టు. 'దగ్గును పదకొండేళ్లు మేపిన వైద్యుణ్ణి లోకంలో నేనొక్కణ్ణే' అని తన మీద తనే నవ్వుకునేవాడు.

బాబా పెరటి అరుగు మీద అటు తిరిగి కూర్చుని గులాబీ రెక్కలు ఏరుతున్నాడు. ఓదెలు గ్లాసు పట్టుకుని వెనక నిలబడ్డాడు. పోతానని ఎట్లా చెప్పాలో తెలియక గ్లాసును అటూ ఇటూ తిప్పాడు. కషాయం చల్లారిపోయింది.

"ఘాటు ఎప్పుడో వచ్చింది. మనిషే ఇంకా రాలేదు" అన్నాడు బాబా, తల తిప్పకుండానే.

"పోతున్న బాబా. మీ కాడ ఇన్నేండ్లున్నా నాకు నయం గాలే." ఓదెలు చల్లారిన గ్లాసులోకి చూశాడు. "రాజలింగు ఒక్క కేకన్న వెయ్యలే బాబా. ఏస్తే తిరిగేటోణ్ణి. ఒక్క సప్పుడన్న చేసుంటే..."

బాబా రెక్కలు ఏరుతూనే ఉన్నాడు. ఓదెలుకు ఏదో వింతగా తోచింది.

"బాబా, ఇంతసేపు నిలబడ్డ. మీరు ఒక్కసారి గూడ దగ్గలే."

"ఇయ్యాల నా వెనక నువ్వున్నవు గద బేటా."

ఓదెలు కదల్లేదు. ఈ పదకొండేళ్లలో బాబా వచ్చినప్పుడు తాను ఉలిక్కిపడిన రోజు ఒక్కటైనా ఉందా అని వెతుక్కున్నాడు. దొరకలేదు.

బాబా చెయ్యి చాపి గ్లాసు అందుకున్నాడు. చల్లారిన కషాయాన్ని అడుగుదాకా తాగి, ముఖం చిట్లించాడు.

"రేపు కొంచెం బెల్లం వెయ్యి."