లేయమ్మ కోయని మూల

దుప్పటి లాక్కోకండర్రా, అందరికీ సరిపోతుంది. అనగనగా ఒక ఊరు, ఆ ఊరి చివర మన లేయమ్మ. మన అంటే మన యూదుల మనిషి. ఊరు మొత్తానికి మనవాళ్ళలో ఆవిడ ఒక్కతే. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. శుక్రవారం పొద్దుగూకకముందే మన విశ్రాంతిదినం దీపం పెట్టుకుని, రొట్టె విరిచి, ఎదురుగా ఎవరూ లేక గోడకేసి చూస్తూ తినేది. పాపం, తలుచుకుంటేనే నాకు గుండె బరువెక్కుతుంది.

ఆవిడకో జొన్నచేను ఉంది. కోతలప్పుడల్లా ఒక మూల కోయకుండా వదిలేసేది. ఎందుకనీ? మన ధర్మం అది. ఆ మూల పంట లేనివాళ్ళది, పరాయి ఊరి నుంచి వచ్చినవాళ్ళది. వాళ్ళే వచ్చి కోసుకోవాలి. మొహం చూసి నీకింత, నీకింత అని మనం పంచకూడదు. ఊ కొడుతున్నారా?

ఊళ్ళోవాళ్ళకి అదేం తెలుసు? దయ్యానికి వదిలిందన్నారు. కాదర్రా, లేనివాళ్ళకని ఆవిడ చెప్పింది. చెప్తే ఇంకా భయపడ్డారు, దయ్యమే అలా చెప్పిస్తోందని. ఇక చూడండి, పిట్ట వచ్చి తినేది, ఉడత వచ్చి తినేది, గాలి వచ్చి రాల్చేది, మనిషి మాత్రం వచ్చేవాడు కాదు. చేనుకీ రారు, ఇంటికీ రారు.

ఒక ఏడు పొరుగూళ్ళో వానల్లేవు. అక్కణ్ణించి తిరపతమ్మ అనే ఆవిడ చంటిదాన్ని చంకనేసుకుని కోతల్లో రాలిన పరిగె ఏరుకోడానికొచ్చింది. చేలల్లో రాలిన గింజ లేదు. కోయని మూల కనిపించి అటు వెళ్తుంటే, అది దయ్యం మూల అని చెప్పారు ఊళ్ళోవాళ్ళు. పిల్లకి ఆకలేస్తుంటే దయ్యమేంటిలే అనుకుని కొడవలి తీసింది.

లేయమ్మ కిటికీలోంచి చూసింది. ప్రాణం లేచొచ్చింది. పలకరిద్దామని గడప దాకా వెళ్ళి ఆగిపోయింది. చేను తాలూకు మనిషి ఎదురుగా నిలబడితే కోసుకునేవాళ్ళు సిగ్గుతో తల దించుకుంటారు కదా. అందుకని తలుపేసుకుని, ఎన్నేళ్ళకో వచ్చిన మనిషి అలికిడి వింటూ లోపలే కూర్చుని ఏడ్చింది. మాటకి మొహం వాచిపోయి ఉంది పిచ్చితల్లి, అయినా బయటికి రాలేదు.

కోత అయ్యాక తలుపు చప్పుడైంది. తిరపతమ్మే. చెప్పకుండా పట్టుకుపోవడానికి మనసొప్పలేదట. ఈ జొన్న ఎవరిదమ్మా అని అడిగింది.

“నీదే తల్లీ,” అంది లేయమ్మ. “ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?”

తిరపతమ్మ ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. ఆవిణ్ణి చూసి తక్కిన లేనివాళ్ళూ ధైర్యంగా వచ్చారు. కాబట్టి పిల్లలూ, మూల వదిలితే మనమేదో పెట్టినట్టు కాదు, వాళ్ళది వాళ్ళకి ఉంచినట్టు. ఇక కథ యెరూషలేముకి, మనం నిద్రలోకి.