కొమ్మన కాదన్న రోజు

చాలా కాలం కిందట, ఏరు దాటి కొండ దాటి వెళితే శిలావరమనే రాజ్యం ఉండేదట. ఆ రాజ్యానికి మంత్రి కొమ్మన. వయసు యాభైకి దగ్గర పడింది.

ఎవరు ఏ పని చెప్పినా "నేను చూసుకుంటాను" అనేవాడు. చెరువు కట్ట తెగితే అతనే. సరిహద్దులో తగవు వస్తే అతనే. ఇంట్లో మతి తప్పిన ముసలితల్లికి అన్నం తినిపించేదీ అతనే.

మొదట అతనికి నిద్ర కరువైంది. "వైద్యుణ్ణి పిలిపిస్తాను" అంది భార్య లక్కమాంబ.

"నాకేం జబ్బు?" అన్నాడు కొమ్మన.

తరువాత గుండెదడ పట్టుకుంది. "నాన్నగారూ, కొంత పని నాకు చెప్పండి" అన్నాడు కొడుకు మాచన.

"నీకేం తెలుసు?" అని కసిరాడు.

ఒక ఉదయం తల్లి అన్నం ముద్ద ఉమ్మేసి, "ఎవడ్రా నువ్వు? మా కొమ్మన ఏడీ?" అంది. కొమ్మన చేతిలోని గిన్నెను గోడకేసి కొట్టాడు.

ముసలావిడ రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయింది. లక్కమాంబ గుమ్మంలోనే కొయ్యబారింది. కొమ్మన తన చేతి వంకే చూస్తూ ఉండిపోయాడు. అది తన చెయ్యేనని నమ్మలేకపోయాడు.

ఆ పూట సభలో రాజు విజయపాలుడు, "మంత్రీ, నదికి ఆనకట్ట కట్టించాలి. అదీ మీరే చూడాలి" అన్నాడు.

"నా వల్ల కాదు, ప్రభూ."

చామరం వీచే దాసి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఎవరైనా బెదిరించారా?" అని అడిగాడు రాజు.

"లేదు ప్రభూ. నన్ను చూసి నేనే భయపడ్డాను. ఈ ఉదయం నేను కొడతానని నా కన్నతల్లి తలకు చేతులు అడ్డం పెట్టుకుంది. మోయలేనని ముందే చెప్పాల్సింది. చులకనవుతానని దాచాను. నన్ను కొలువు నుంచి తప్పించండి."

అప్పుడు ఎవరూ ఊహించనిది జరిగింది. యుద్ధంలో ఏనాడూ వెనుదిరగని సేనాపతి రేచన లేచి, తలపాగా తీసి, "నాకూ కంటి నిండా నిద్ర లేక ఏడాది దాటింది, ప్రభూ" అన్నాడు. అతని పక్కనే ధర్మాధికారి కళ్లు తుడుచుకున్నాడు.

రాజు ముఖం పాలిపోయింది. "రోజూ మిమ్మల్ని చూస్తూనే ఉన్నానే" అన్నాడు మెల్లగా.

కొమ్మనను రాజు వదులుకోలేదు. ఆనకట్ట పని ఇద్దరికి పంచాడు, సరిహద్దు తగవులు మరొకరికి అప్పగించాడు. మంత్రికీ సేనాపతికీ వైద్యుణ్ణి పంపాడు.

కొమ్మన ఇంటికి వెళ్లి తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆమెకు ఉదయం సంగతేదీ గుర్తు లేదు. మాచన పెట్టిన ముద్దలు నెమ్మదిగా తింటూ ఉంది. చూస్తూ చూస్తూనే కొమ్మన అక్కడే ఒరిగి నిద్రపోయాడు.

చెప్పకుండా దాచుకున్న అలసట చివరికి మనం ప్రేమించేవాళ్ల మీదే పడుతుంది. నోరు విప్పి చెబితే దాన్ని పంచుకునేవాళ్లు దొరుకుతారు.