ఇసుక మీద ఆడిన ఒలెగారియో

అనగనగా స్పెయిన్ దేశం. ఆ దేశానికి ఉత్తరాన చల్లటి సముద్రం. ఆ సముద్రం ఒడ్డున ఓర్బియా అని ఒక చేపల ఊరు. ఆ ఊళ్ళో వలలు బాగుచేసుకుని బతికే ఒకావిడకి ఒక్కడే కొడుకు. వాడి పేరు ఒలెగారియో.

ఎప్పటి మాటంటే, దేశంలో పెద్ద యుద్ధం అయిపోయింది. గెలిచినవాళ్ళు గట్టిగా మాట్లాడుతున్నారు. ఓడినవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఆ రోజుల మాట.

ఒలెగారియో పొట్టివాడు. మాట తక్కువ మనిషి. కానీ ఎడమకాలితో బంతి తన్నాడంటే చూసేవాళ్ళు చేతిలో పని మరిచిపోయేవాళ్ళు. ఊళ్ళో ఆడాడు, గెలిచాడు. జిల్లాలో ఆడాడు, గెలిచాడు. రాజధాని నుంచి పెద్ద క్లబ్బువాళ్ళు రైలెక్కి వచ్చారు. కాగితం మీద సంతకం పెట్టించుకుని అతన్ని తీసుకుపోయారు.

ఆ కాగితంలో ఏముందో అతను చదవలేదు. ఇతన్ని ఉంచుకోవడమైనా వదలడమైనా క్లబ్బు ఇష్టం, ఇతని ఇష్టం కాదు అని ఉంది అందులో.

ఎనిమిదేళ్ళు ఆడాడు. ఎడమవైపు గీత పక్కనే పరుగు. ఎదుటివాళ్ళు ముగ్గురు కలిసి అడ్డం వచ్చినా బంతి పోయేది కాదు. దేశం జట్టులో కూడా మూడుసార్లు ఆడాడు. జనం అతని పేరు పెట్టి అరిచేవారు. వాళ్ళమ్మ ఊళ్ళో రేడియో ముందు కూర్చుని ఆ అరుపులు వినేది.

ఆ జట్టుకి గోల్‌కీపర్ నికాసియో. ఇతనూ ఒలెగారియో ఒకే గదిలో ఉండేవారు. ఒకే సబ్బు వాడుకునేవారు. ఒక ఆదివారం వానలో ఆట. ఎదుటి జట్టువాడొకడు జారి వచ్చి నికాసియో మోకాలి మీద పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు దూరంగా ఎడమ అంచున ఉన్న ఒలెగారియోకి కూడా వినపడింది.

నాలుగు వారాలు గడిచాయి. నికాసియో మంచం దిగలేదు. గది ఖాళీ చెయ్యమని క్లబ్బు కబురు పెట్టింది.

ఒలెగారియో క్లబ్బు అధ్యక్షుడు దోన్ అర్సెనియో దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యా, నికాసియోకి ఆపరేషన్ చేయించండి."

"గోల్‌కీపర్లు బోలెడుమంది దొరుకుతారు. నువ్వెళ్ళి నీ ఆట చూసుకో."

వారం ఆగి మళ్ళీ వెళ్ళాడు.

"అయ్యా, ఆపరేషన్ చేయించండి."

"ఒకసారి చెప్పాను కదా."

మూడోసారి అడగడానికి ఒలెగారియో ఎక్కడికీ వెళ్ళలేదు. కప్పు ఫైనల్ రోజు వచ్చింది. రాజధాని అంతా స్టేడియంలోనే ఉంది. జట్టంతా బూట్లు కట్టుకుని లేచింది. ఒలెగారియో మాత్రం బల్ల మీద అలాగే కూర్చున్నాడు. దోన్ అర్సెనియోనే పరుగెత్తుకొచ్చాడు.

"లే. టైమైంది."

"నికాసియో ఆపరేషన్ అయ్యాక లేస్తాను."

"నీ కాలు క్లబ్బుది. సంతకం పెట్టింది నువ్వే."

"కాగితం మీది. కాలు నాది" అన్నాడు ఒలెగారియో.

మామూలు బట్టలు వేసుకుని జనం మధ్యలోంచే నడిచి బయటికి వచ్చాడు. కొందరు తిట్టారు. ఒకడు మీద ఉమ్మేశాడు. గదికి వెళ్ళి, నికాసియోని భుజం మీద ఆనించుకుని స్టేషనుకి తీసుకెళ్ళాడు. ఇద్దరూ ఓర్బియా రైలెక్కారు.

క్లబ్బు అతన్ని వదల్లేదు, ఆడనివ్వలేదు. ఈ మనిషి బతికున్నన్నాళ్ళు దేశంలో ఏ మైదానంలోనూ కాలు పెట్టకూడదని ప్రభుత్వం నుంచి ఆర్డరు వచ్చింది. అప్పటికి అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు.

ఓర్బియాలో చేపల పడవ ఎక్కాడు. కసిల్దా అని వలలు అల్లే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. నికాసియో వాళ్ళింట్లోనే ఉండిపోయాడు. ఒలెగారియో ఆట మాట ఎత్తేవాడు కాదు. కానీ అన్నం తింటున్నా బల్లకింద ఎడమకాలు ఆడుతూనే ఉండేది. కసిల్దా అది చూసింది.

"సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే ఇసుక ఎవరిది?" అని అడిగింది.

"ఎవరిదీ కాదు."

"మరింకేం, వెళ్ళి ఆడు."

మర్నాడు నీళ్ళు తగ్గగానే మడమతో ఇసుక మీద గీతలు గీశారు. తెడ్లు పాతి గోల్ చేశారు. నికాసియో కర్ర పట్టుకుని గోల్‌లో నిలబడ్డాడు. కుంటివాడు కదా అని ఎవరూ మెల్లగా తన్నలేదు. అలా తన్నితే అతను ఊరుకునేవాడూ కాదు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం వచ్చి ఒడ్డుగోడ మీద బారులు తీరారు.

మొదటిసారి పోలీసు జమేదారు కాగితం పట్టుకుని వచ్చాడు.

"ఏ మైదానంలోనూ ఆడకూడదని ఆర్డరు."

"మైదానం ఎక్కడుంది?" అన్నాడు ఒలెగారియో.

జమేదారు చూశాడు. సముద్రం పొంగి వచ్చింది. గీతలు లేవు. జమేదారు బూట్లు తడిశాయి.

రెండోసారి వచ్చి బంతి పట్టుకుపోయాడు. ఊళ్ళో ఆడవాళ్ళు పాత తెరచాప గుడ్డ కుట్టి, చిరిగిన వలలు కుక్కి ఇంకో బంతి చేశారు. రాయిలా బరువుగా ఉండేది. దాంతోనే ఆడారు.

మూడోసారి వచ్చి ఒలెగారియోనే పట్టుకుపోయాడు. పదకొండు రోజులు లాకప్పులో పెట్టాడు. పన్నెండోరోజు పొద్దున జమేదారే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"రోజూ ఆడుతున్నారు. ఎడమవైపు నీ చోటు ఖాళీగా వదిలేసి ఆడుతున్నారు. ఏం చెప్పావు వాళ్ళకి?"

"నేనేం చెప్పలేదు."

"ఊరందర్నీ లాకప్పులో పెట్టలేను. వదిలేస్తే మళ్ళీ ఆడతావా?"

"నీళ్ళు తగ్గితే ఆడతాను. కాలు నాది."

జమేదారు తలుపు తీశాడు.

ఆ తరవాత ఒలెగారియో ఇరవై రెండేళ్ళు ఆడాడు. రాజధాని వైపు మళ్ళీ చూడలేదు. ఒక చలికాలం ఊపిరితిత్తుల జబ్బు చేసి పోయాడు.

క్లబ్బునుంచి ఒక మనిషి కారులో వచ్చాడు. శవపేటిక మీద కప్పమని క్లబ్బు జెండా తెచ్చాడు. పట్టుజెండా, చుట్టూ బంగారు అంచు. కసిల్దా దాన్ని మడత విప్పకుండానే తిరిగిచ్చేసింది.

"బతికుండగా ఆడనివ్వలేదు. ఇప్పుడు మీవాడంటే నేనొప్పుకోను. తీసుకుపో."

ఇంతలో కొత్త జమేదారు వచ్చాడు. పెద్దబజారులో గుంపుగా నడవకూడదట. ఊళ్ళోంచి స్మశానానికి వెళ్ళే దారి అదొక్కటే.

కసిల్దా నికాసియో వైపు తిరిగింది. "నీళ్ళు ఎప్పుడు తగ్గుతాయి?"

"నాలుగింటికి."

నాలుగింటిదాకా ఆగారు. ఊరంతా ఇసుకలోకి దిగింది. తడి ఇసుక మీద పేటిక మోసుకుంటూ, ఊరి ముందునుంచే, పోలీసు ఠాణా కిటికీలకి ఎదురుగా, స్మశానం దాకా నడిచారు. నికాసియో కర్ర పారేసి పేటికకి ఒక మూల పట్టాడు.

ఇప్పటికీ ఓర్బియాలో ఎవరైనా పోతే గడియారం చూడరు. ఏ ఆఫీసునీ అడగరు. పెద్దబజారు తెరిచే ఉంటుంది, అటు పోరు. సముద్రం తగ్గేదాకా ఆగి, మనిషిని ఇసుక మీదుగా మోసుకుపోతారు. ఆ వెంటనే అలలు వచ్చి అడుగులన్నీ చెరిపేస్తాయి. ఎవరెవరు నడిచారో రాసుకోవడానికి ఏ జమేదారుకీ ఒక్క గుర్తు కూడా దొరకదు.