గండపెండేరం ఎవరి కాలికి?

కందవోలు రాజు మల్లభూపతికి ఒకనాటి పొద్దున ఉన్నట్టుండి శాస్త్రాల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఈ ఏడాది విద్యాశాలలో కొత్తవి కనిపెట్టిన మహానుభావుడి కాలికి తన చేత్తో గండపెండేరం తొడుగుతానన్నాడు. పైగా ఏ కోరిక కోరినా తీరుస్తానన్నాడు.

కనిపెట్టినవి లేకపోలేదు. లెక్కలు తనంతట తానే తేల్చే పళ్ళచక్రాల యంత్రం, సగం కట్టెలతోనే వంట ముగించే పొయ్యి, కంటికి ఆనని నలుసును కూడా చూపించే అద్దం, రాచపుండును కరిగించే మందు. నాలుగూ అచ్చమైనవే. దొంగ సరుకల్లా విద్యాశాల పెద్ద ఉద్దండ భట్టు ఒక్కడే.

ఆ విద్యాశాలలో ఒక ఆచారం ఉంది. ఎవరు ఏది చేసినా దాని మీద పెద్దాయన ముద్ర పడాలి, ఆయన పేరే చెక్కాలి. చేసినవారి పేరు కిందెక్కడో, అదీ చోటు మిగిలితే. బిరుదులతో కలిపి భట్టు పేరు బారెడు ఉండేది కనుక చోటు ఏనాడూ మిగల్లేదు. ఆయన మాత్రం పనిశాల గడప తొక్కి ఎరగడు. మసి అంటుతుందని పట్టుపంచె ఎత్తిపట్టుకుని వీధి అవతలి నుంచే నడిచిపోయేవాడు.

నాలుగింటి మీదా ఆయన ముద్రే ఉంది కనుక పెండేరం ఆయనకే ఖాయమైంది. నిండు కొలువులో భట్టు తన కోరిక బయటపెట్టాడు.

"ప్రభూ, నాకు సంపదలెందుకు? నా కింద పనిచేసే నలుగురు ఈమధ్య తమ పేర్లు కూడా చెక్కాలని గొణుగుతున్నారు. అదుగో, ఆ మూల నిలబడ్డవాళ్ళే. సాయంత్రంలోగా వాళ్ళను పొలిమేర దాటించండి, అదే పదివేలు."

"దానికేం, అలాగే," అన్నాడు రాజు. పెండేరం ఎప్పుడు తొడుగుదామా అన్న ఆత్రమే గానీ, ఆ నలుగురి వంక ఆయన తల కూడా తిప్పలేదు.

రాజు పక్కనున్న తిప్పనకు ఒళ్ళు మండిపోయింది. తిప్పన ఆస్థానంలో మాటకారి. ఆ నలుగురిలో చెన్నమ అనే వైద్యురాలు ఉంది, మందు ఆమెదే. తిప్పన అక్క మెడ మీది రాచపుండుకు ఆ మందే వాడుతున్నారు. గడ్డ సగానికి తగ్గింది, వైద్యం ఇంకా సగం మిగిలి ఉంది. చెన్నమ పొలిమేర దాటితే అక్క బతుకు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇవి భట్టువి కావని మొహం మీదే అందామా అంటే, ఆయన ముద్ర చూపిస్తాడు.

తిప్పన చప్పుడు చెయ్యకుండా బయటికి జారుకున్నాడు. తిరిగొచ్చేసరికి భట్టు బిరుదులన్నీ చదవడం అప్పుడే ముగిసి, రాజు పెండేరం చేతిలోకి తీసుకున్నాడు, భట్టు కాలు చాపాడు.

"ప్రభూ, ఒక్క క్షణం. వాకిట్లో జనం పోగయ్యారు. వంటవాళ్ళు వచ్చి, కొత్త పొయ్యి చేసిన మనిషిని చూపించమంటున్నారు. చేతుల్లో గరిటెలున్నాయి. వెంగమ్మయితే మరిగే గంగాళాన్నే మోయించుకొచ్చింది."

భట్టు చాచిన కాలు కొంచెం వెనక్కి లాక్కున్నాడు. "ఏమైందట?"

"నా నోటితో ఎందుకండీ, మీరు వాకిట్లోకి దయచేస్తే వాళ్ళే చెబుతారు."

భట్టు ఆ కాలు పూర్తిగా ముడుచుకున్నాడు. "ఆ పొయ్యి నాగసాని చేసింది. పొగా మసీ నాకు సరిపడవని అందరికీ తెలుసు."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి.

"కరణాలు కూడా వచ్చారు. పాత లెక్కలన్నీ ఆ యంత్రంలో వేసి చూశారట. చేసినవాణ్ణి చూడనిదే కదిలేది లేదంటున్నారు."

"అది బొల్లయ పని. ఆ చక్రాల్లో నేను వేలు కూడా పెట్టలేదు. అద్దం సంగతి కూడా ఇప్పుడే చెబుతున్నాను, అది కేతన సానబట్టింది. నాకే పాపం తెలియదు."

అద్దం గురించి ఎవరూ అడగలేదు. కొలువులో ఎవరో కిసుక్కుమన్నారు.

తిప్పన వాకిలి వైపు చూశాడు. "మా అక్క కొడుకులు కూడా ఉన్నారు ప్రభూ. కండలు తిరిగిన మనుషులు. వాళ్ళమ్మకు మందిచ్చింది ఎవరో తేల్చమంటున్నారు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి."

భట్టు చటుక్కున లేచి నిలబడ్డాడు. "మందు చెన్నమది. నూరింది ఆవిడే, ఇచ్చింది ఆవిడే. కావాలంటే ప్రమాణం చేస్తాను."

"అయితే నాలుగింట్లో ఒక్కటీ మీది కాదా?" అన్నాడు రాజు.

"ఒక్కటీ కాదు మహాప్రభో."

తిప్పన తలుపులు తీయించాడు.

వంటవాళ్ళు గంగాళం దించారు. నిండా పాయసం. పొగతో కళ్ళు పోగొట్టుకోకుండా కాపాడిన తల్లి ముందు తాగాలని వెంగమ్మ నాగసాని చేతికి గిన్నె అందించింది. తమ తలనొప్పి తీర్చినందుకు కరణాలు బొల్లయకు దండ వేశారు. తిప్పన మేనల్లుళ్ళు చెన్నమ కాళ్ళ మీద పడి, తమ తల్లిని సగంలో వదిలి పోవద్దని బావురుమన్నారు. వాళ్ళ కళ్ళు ఎరుపెక్కింది ఆ కబురు విని ఏడ్చి.

భట్టు ముక్కుకు యాలకుల వాసన తగిలింది. మాట మారింది. "ప్రభూ, చేతులు వాళ్ళవే అయినా, పర్యవేక్షణ మాత్రం నాదే కదా."

తిప్పన వినయంగా వంగాడు.

"అయ్యా, పాయసం రాకముందు ఈ పర్యవేక్షణ ఎక్కడికి పోయింది?"

కొలువంతా గొల్లున నవ్వింది. రాజుకు నవ్వీ నవ్వీ కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. అప్పటికప్పుడు పెండేరం చెన్నమ కాలికి తొడిగి, మిగతా ముగ్గురికీ తలొకటి చేయించమన్నాడు. భట్టును ఆ సాయంత్రం నుంచే నాగసాని దగ్గర పొయ్యి ఊదే పనికి పెట్టాడు. తన భుజం మీది జరీ శాలువా తీసి తిప్పనకు కప్పుతూ, "ఇంకేం కావాలిరా?" అని అడిగాడు.

"అక్కకు ఒక గిన్నె పాయసం ప్రభూ," అన్నాడు తిప్పన, కళ్ళు తుడుచుకుంటూ.