రేవు దాటిన ముళ్లు

అనగనగా ఒక అడవిలో ఒక ఏరు. ఆ ఏటి రేవులో గంగన్న అనే నీటికుక్క కాపలా కాసేది.

అవతలి కొండ మీద తోడేళ్లు జింకల వెంటపడి చంపుతున్నాయి. అందుకని అడవికి పెద్ద అయిన ఏనుగు కట్టడి చేసింది. "గుచ్చేది, కోసేది ఏదీ ఆ కొండకు చేరకూడదు" అంది. రేవు దాటే ప్రతి మూటకూ గంగన్న మూడు మాటలు అడగాలి. ఏమిటిది? ఎవరికి? వాళ్లకెందుకు?

అవతలి ఒడ్డుకు చుక్కి అనే లేడి రోజూ నీళ్లకు వచ్చేది. "బాగున్నావా అన్నా?" అని పలకరించేది. ఆ పిలుపు వినందే గంగన్నకు పొద్దు గడిచేది కాదు.

ఒకరోజు తోడేలు వచ్చి, ముళ్లపంది రాల్చిన ముళ్లు అవతలికి పట్టుకుపోతానంది. గంగన్న పొమ్మంది.

మర్నాడు మళ్లీ వచ్చి, "పళ్లు కుట్టుకోవడానికి నాలుగంటే నాలుగు" అంది.

"గోళ్లున్నాయిగా, వాటితో కుట్టుకో" అంది గంగన్న.

మూడోరోజు ముళ్లపందే మూటతో వచ్చింది. వరదల్లో గంగన్న పిల్లలను తన బొరియలో దాచి కాపాడిన చుట్టం అది.

"ఏమిటది బావా?"

"నా ముళ్లే."

"ఎవరికి?"

"దిగువ తోపులో నక్కకి. తోడేళ్లకు కాదులే."

నక్కకు అన్ని ముళ్లెందుకు? ఆ మూడో మాట గంగన్న నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే బావకు కోపం వస్తుందేమో అని మింగేసింది. పాడు మొహమాటం! మూట రేవు దాటిపోయింది.

తర్వాత చుక్కి చాలా రోజులు కనిపించలేదు. చివరికి కాలు ఈడ్చుకుంటూ వచ్చింది.

"మా దారిలో గడ్డి చాటున నక్కా తోడేళ్లూ కలిసి ముళ్లు పాతాయన్నా. పరుగెత్తలేక మావాళ్లంతా తోడేళ్లకు చిక్కారు. నా బిడ్డ కూడా."

గంగన్న ఏరు ఈది వెళ్లి, దాని కాలిలో విరిగిన ముల్లు లాగింది. నలుపూ తెలుపూ చారల ముల్లు.

"ఇవి మా కొండ మీద దొరకవు. ఎలా వచ్చాయంటావన్నా?"

గంగన్న తల దించుకుంది. "నా రేవు దాటే వచ్చాయమ్మా. నేనే దాటనిచ్చాను."

చుక్కి వెనక్కి తిరిగింది. కుంటుకుంటూ వెళ్లిపోయింది.

ఇప్పుడు గంగన్న మూడు మాటలూ అడుగుతుంది, వచ్చింది బావ అయినా సరే. అవతలి ఒడ్డు నుంచి పలకరించేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

నీతి: ఎందుకో అడగకుండా వదిలిన ముల్లు, మనం గుచ్చిన ముల్లే.